నొప్పి మీరు చెప్పగలరు, వాపు చేతికి తెలియాలి

(కీళ్ళ నొప్పుల మీద ఏర్పాటు చేసిన అవగాహన సభలో ఒక రుమటాలజిస్ట్ చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. మాటల్లోకి వెళ్ళే ముందు ఒక చిన్న పని చేద్దాం. కుడి చెయ్యి ముందుకు చాపి పిడికిలి పట్టండి. మరీ బిగించక్కర్లేదు. ఇప్పుడు పైనుంచి చూడండి. నాలుగు మెటికలు నాలుగు చిన్న గుట్టల్లా లేచి ఉంటాయి. గుట్టకీ గుట్టకీ మధ్య పల్లం ఉంటుంది. ఎడమ చేతి చూపుడువేలితో ఆ పల్లంలో తడమండి. వేలు కాస్త లోపలికి దిగుతుంది కదా?

నేను రోజంతా వెతికేది ఆ పల్లాన్నే. అక్కడి కీలు లోపలి పొర వాచిందంటే ముందుగా పూడిపోయేది అదే. అప్పటికింకా ఎక్స్‌రేలో ఎముక శుభ్రంగానే ఉండొచ్చు. రక్తపరీక్షలు కూడా ఒక్కోసారి మామూలుగానే వస్తాయి. ఫోన్‌లో తీసిన ఫోటోలో చెయ్యి చెయ్యిలాగే కనిపిస్తుంది. వేలితో నొక్కితే మాత్రం తేడా తెలుస్తుంది. పలచటి రబ్బరు సంచిలో నీళ్ళు పోసి నొక్కినట్టు, మెత్తగా, కొంచెం ఎదురు తన్నుతూ తగులుతుంది. ఆ మెత్తదనం ఉందా లేదా అన్నదాన్ని బట్టే చాలావరకు తర్వాతి వైద్యం నడుస్తుంది.

మాకు వచ్చే ఫోన్లలో చాలావాటి సారాంశం ఒకటే. "డాక్టర్‌గారూ, అమ్మకి ఒళ్ళంతా కీళ్ళ నొప్పులు. టెస్టులన్నీ చేయించేశాం. రిపోర్టులు ఫోన్‌లో పంపాను. చూసి మందులు రాస్తే సరిపోతుంది, ఆవిణ్ణి అంత దూరం తిప్పడం కష్టం." ఆ కష్టం నాకు తెలుసు. కీళ్ళు నొప్పిగా ఉన్న మనిషికి ప్రయాణమంటే ఏమిటో, మెట్లు ఎక్కడమంటే ఏమిటో, గంటలు గంటలు బల్ల మీద కూర్చుని ఎదురుచూడటమంటే ఏమిటో రోజూ చూస్తున్నవాణ్ణి. అయినా నా జవాబు మారదు. రిపోర్టులు ఎన్ని ఉన్నా మొదటిసారి మనిషి రావాలి. ఎందుకు రావాలో చెప్పడానికే ఇవాళ వచ్చాను.

ముందు రుమటాలజిస్ట్ అంటే ఎవరో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్ళడం అందరికీ అలవాటే. ఎముక విరిగితే, లిగమెంట్ తెగితే, మోకీలు మార్చాల్సి వస్తే ఆయనే చూడాలి. మన ఒంట్లో ఒక రక్షణ వ్యవస్థ ఉంది. బయటినుంచి వచ్చే సూక్ష్మజీవులతో పోరాడటం దాని పని. అది దారి తప్పి సొంత కీళ్ళ మీదే పడితే, లేదా చర్మం, కళ్ళు, కిడ్నీలు, ఊపిరితిత్తుల మీద పడితే, దాన్ని చూసేది మేము. గౌట్ లాంటి, కీళ్ళలో స్ఫటికాలు పేరుకుని వచ్చే జబ్బులూ మా పరిధిలోవే. మొత్తం కలిపితే నూటికి పైగా జబ్బులు. మేము ఆపరేషన్లు చెయ్యం. మా పని వినడం, చూడటం, ముట్టుకోవడం, మందులివ్వడం.

ఇప్పుడు రిపోర్టుల సంగతి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

కీళ్ళ నొప్పి అనగానే చేయించే రక్తపరీక్ష ఆర్‌ఏ ఫ్యాక్టర్. 1940లో నార్వే దేశపు ఎరిక్ వాలర్ మొదట గుర్తించిన విషయం ఇది. అప్పటినుంచీ ఉంది కాబట్టి అందరికీ పేరు తెలుసు. పేరులోనే ఆర్‌ఏ ఉంది కాబట్టి పాజిటివ్ వస్తే రుమటాయిడ్ ఆర్థరైటిస్ (రక్షణ వ్యవస్థ సొంత కీళ్ళ మీద పడి వాచేలా చేసే జబ్బు) ఉన్నట్టే, నెగటివ్ వస్తే లేనట్టే అనుకుంటారు. రెండూ తప్పే. ఆ జబ్బు ఖాయంగా ఉన్న వందమందిని తీసుకుంటే డెబ్బై నుంచి ఎనభై మందిలో ఇది పాజిటివ్‌గా ఉంటుంది. మిగతావాళ్ళలో ఉండదు. జబ్బు మాత్రం ఉంటుంది. ఇంకోవైపు, ఏ జబ్బూ లేని ఆరోగ్యవంతుల్లోనూ కొందరికి పాజిటివ్ వస్తుంది. వయసు పెరిగేకొద్దీ అలాంటివాళ్ళు ఎక్కువవుతారు. హెపటైటిస్ సి ఉన్నవాళ్ళలో, కళ్ళూ నోరూ ఎండిపోయే షోగ్రెన్ జబ్బులో కూడా వస్తుంది.

ఒకావిడ వచ్చారు. యాభై దాటిన మనిషి. చేతిలో ల్యాబ్ కాగితం, అందులో ఆర్‌ఏ ఫ్యాక్టర్ పక్కన పైకి చూపే బాణం గుర్తు. ఆ బాణం చూసి ఆరు నెలలుగా ఆవిడకి నిద్ర లేదు. వేళ్ళు వంకర్లు పోయిన చేతుల బొమ్మలు ఎక్కడో చూశారట, తన చేతులూ అలాగే అయిపోతాయని రోజూ అద్దం ముందు పట్టుకుని చూసుకునేవారు. నేను ఆ చేతులు రెండూ పట్టుకున్నాను. ఒక్కో కణుపూ నొక్కాను. ఎక్కడా వాపు లేదు. పల్లాలన్నీ చక్కగా ఉన్నాయి. నొప్పంతా మోకాళ్ళలో. మెట్లు దిగేటప్పుడు ఎక్కువ, కూర్చుంటే తక్కువ. పొద్దున లేచాక పట్టేసినట్టుండేది ఐదు నిమిషాలే. అది అరుగుదల. రుమటాయిడ్ కాదు. "కాదండీ" అని చెప్తే ఆవిడ ఏడ్చేశారు. ఆరు నెలల పాటు ఒక బాణం గుర్తు ఆ మనిషిని ఎంత కాల్చుకుతిందో నాకప్పుడు అర్థమైంది.

దానికి పూర్తిగా తిరగేసిన కేసు ఒక కుర్రాడిది. ముప్పై కూడా లేవు. ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగటివ్, ఒంట్లో వాపుని చూపే ఈఎస్‌ఆర్ పరీక్ష మామూలే, ఎక్స్‌రే శుభ్రం. కాగితాలు చూసిన ప్రతివాళ్ళూ "ఏమీ లేదు, టెన్షన్ తగ్గించుకో" అన్నారు. ఇంట్లోవాళ్ళు కూడా పనికి వెళ్ళడానికి బద్ధకమనుకున్నారు. పిడికిలి పట్టమన్నాను. పట్టలేకపోయాడు. వేళ్ళ కొసలు అరచేతిని తాకడానికి ఇంకా రెండు వేళ్ళ దూరం. మణికట్టు పైభాగం నొక్కితే ఇందాక చెప్పానే, నీళ్ళ సంచి, అచ్చం అలాగే ఉంది. రెండు చేతులకీ. ఆ మణికట్లని అంతకుముందు ఎవరూ నొక్కి చూడలేదు. కాగితాలే చూశారు. అతను చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పొద్దున్నే ఎంతసేపు పడుతోందో ఎవరూ అడగలేదు కూడా.

గౌట్ కోసం చూసే యూరిక్ యాసిడ్ కూడా ఇంతే. పెరిగినంత మాత్రాన గౌట్ కాదు. పెరిగినవాళ్ళలో ఎక్కువమందికి జీవితాంతం గౌట్ రాదు. సరిగ్గా గౌట్ దాడి జరుగుతున్న రోజున రక్తంలో యూరిక్ యాసిడ్ మామూలుగా కనిపించే మనుషులూ ఉన్నారు. కచ్చితంగా తేలాలంటే వాచిన కీలులోంచి సూదితో కొంచెం నీరు తీసి ప్రత్యేకమైన మైక్రోస్కోప్ కింద చూడాలి. సూదుల్లాంటి స్ఫటికాలు మెరుస్తూ కనిపిస్తాయి. 1961లో మెకార్టీ, హాలండర్ అనే డాక్టర్లు ఈ పద్ధతి చూపించారు. ఇప్పటికీ దాన్ని మించిన రుజువు లేదు. ఆ నీరు తియ్యాలన్నా మనిషి నా ముందుండాలి.

లూపస్ లాంటి జబ్బుల కోసం చేయించే ఏఎన్ఏ, వెన్ను బిగుసుకుపోయే జబ్బు కోసం చేయించే హెచ్‌ఎల్‌ఏ బి27 గురించి విడివిడిగా చెప్పను. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలోనూ పాజిటివ్ వచ్చే పరీక్షలే అవి. పరీక్షలు పనికిరావని నా ఉద్దేశం కాదు, రోజూ రాస్తూనే ఉంటాను. రుమటాయిడ్‌ని పట్టుకోవడానికి చేసే యాంటీ సీసీపీ లాంటివి ఎంతో సాయం చేస్తాయి. కాకపోతే పరీక్ష ఒక ప్రశ్నకి జవాబు. ఆ ప్రశ్న ఏమిటో తేలేది మనిషిని చూశాకే.

మీకు ఇంకో సంగతి చెప్పాలి. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌ని లెక్కగట్టడానికి 2010లో అమెరికా, యూరప్ రుమటాలజీ సంఘాలు కలిసి ఒక మార్కుల పద్ధతి తయారుచేశాయి. మొత్తం 10 మార్కులు, 6 వస్తే జబ్బు కింద లెక్క. అందులో కీళ్ళకి గరిష్ఠంగా 5. యాంటీబాడీల పరీక్షకి, అంటే ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీలకి 3. వాపుని చూపే రక్తపరీక్షలు ఈఎస్‌ఆర్, సీఆర్‌పీలకి 1. బాధ మొదలై ఆరు వారాలు దాటితే ఇంకో 1. ఇప్పుడు కూడి చూడండి. మీ రక్తపరీక్షలన్నీ గట్టిగా పాజిటివ్ వచ్చాయనుకుందాం, నొప్పి మొదలై ఏడాదైందనుకుందాం. 3, 1, 1. మొత్తం 5. కీళ్ళు చూడకుండా 6 రాదు. పైగా అసలు ఈ లెక్క మొదలుపెట్టాలంటేనే కనీసం ఒక కీలులో వాపు ఉందని పరీక్షించిన డాక్టర్ తేల్చి ఉండాలి. నాకిది చాలా ఇష్టమైన విషయం. ఇన్ని యంత్రాలు వచ్చాక కూర్చుని రాసుకున్న పద్ధతిలో కూడా మొదటి మెట్టు మనిషి వేలే.

సరే, వచ్చారు. లోపల ఏం జరుగుతుంది?

మీరు తలుపు తీసినప్పుడే మొదలవుతుంది. గుండ్రటి పిడిని వేళ్ళతో తిప్పారా, అరచేత్తో తోశారా. కుర్చీలోంచి లేచేటప్పుడు చేతుల మీద బరువు మోపేటప్పుడు అరచెయ్యి ఆనించారా, పిడికిలి ఆనించారా. మణికట్టు నొప్పిగా ఉన్నవాళ్ళు అరచెయ్యి ఆనించరు. వాళ్ళకి తెలియకుండానే పిడికిలి ఆనిస్తారు. సంచి జిప్పు ఎవరు తీశారు, మీరా, పక్కన వచ్చినవాళ్ళా. వీడియోలో ఇవేవీ కనిపించవు. వీడియోలో ముఖం కనిపిస్తుంది, అదీ నవ్వుతున్న ముఖం.

తర్వాత అడుగుతాను. ఎక్కువగా అడిగేది పొద్దున గురించి. "లేచాక చేతులు మీ మాట వినడానికి ఎంతసేపు పడుతుంది?" అరుగుదల నొప్పిలో అరగంటలోపే సర్దుకుంటుంది. వాపు జబ్బుల్లో గంట, రెండు గంటలు, కొందరికి మధ్యాహ్నం దాకా. వాపు నొప్పి పని చేసేకొద్దీ కాస్త తేలికపడుతుంది, ఊరుకుంటే బిగుస్తుంది. అరుగుదల నొప్పి పని చేసేకొద్దీ పెరుగుతుంది. నడుము నొప్పి అయితే, తెల్లవారుజామున మెలకువ వచ్చి లేచి నాలుగడుగులు వేస్తే గానీ తగ్గదంటున్న కుర్రవాళ్ళ విషయంలో నా చెవులు నిక్కబొడుచుకుంటాయి. అది బరువులెత్తితే వచ్చే నడుము నొప్పి కాకపోవచ్చు.

ఆ తర్వాత చేతులు. 28 కీళ్ళు లెక్క. రెండు భుజాలు, రెండు మోచేతులు, రెండు మణికట్లు, రెండు చేతుల మెటికలు పది, వేళ్ళ మధ్య కణుపులు పది, రెండు మోకాళ్ళు. ఒక్కోదాన్నీ బొటనవేళ్ళతో నొక్కుతాం. ఎంత గట్టిగా? మాకు నేర్పే కొలత ఏమిటంటే, నొక్కుతున్న నా గోరు అంచు తెల్లబడేంత. అంతకన్నా తక్కువైతే నొప్పి దాగిపోతుంది, ఎక్కువైతే మంచి కీలూ నొప్పెడుతుంది. నొక్కుతున్నప్పుడు చేతిని కాదు, మీ కళ్ళని చూస్తుంటాను. "లేదండీ, నొప్పి లేదు" అని నోరు అంటుంటే కనుబొమలు ముడిపడే మనుషులు ఎంతోమంది. ముఖ్యంగా ఆడవాళ్ళు. ఏళ్ళ తరబడి ఓర్చుకుని ఓర్చుకుని, ఎక్కణ్ణుంచి నొప్పి అనాలో వాళ్ళకే గుర్తుండదు.

ఆ 28లో పాదాలు లేవు. అందుకని లెక్కలో లేకపోయినా చెప్పులు, సాక్సులు తీయిస్తాను. కాలివేళ్ళ మొదళ్ళని రెండు వైపులనుంచీ కలిపి మెల్లగా అదుముతాను. అరికాళ్ళలో గులకరాళ్ళ మీద నడుస్తున్నట్టుందని చెప్పేవాళ్ళు అక్కడ ఉలిక్కిపడతారు. జబ్బు పాదాల్లోనే మొదలైనవాళ్ళూ ఉన్నారు.

నడుము నొప్పి అయితే ఒక టేపు చాలు. నడుము కింద రెండు సొట్టలు ఉంటాయి కదా, ఆ ఎత్తులో ఒక గీత, దానికి పది సెంటీమీటర్ల పైన ఇంకో గీత పెట్టి ముందుకి వంగమంటాను. వెన్ను సాగితే ఆ పది కనీసం పదిహేను దాకా అవుతుంది. బిగుసుకుపోతున్న వెన్నులో పన్నెండో పదమూడో దగ్గర ఆగిపోతుంది. 1937లో షోబర్ అనే డాక్టర్ చెప్పిన పరీక్ష. కరెంటు కూడా అక్కర్లేదు.

ఇంకా గోళ్ళు చూస్తాం. సూదితో గుచ్చినట్టు చిన్న చిన్న గుంటలుంటే సోరియాసిస్ గుర్తొస్తుంది. అప్పుడు జుట్టు పాయలు తీసి మాడు చూస్తాం, చెవుల వెనక, బొడ్డులో కూడా. కీళ్ళ నొప్పని వస్తే బొడ్డు చూస్తారేమిటని కొందరు బిడియపడతారు. చర్మం మీద ఎక్కడో మూల ఒక చిన్న పొలుసుల మచ్చ దొరికితే మొత్తం జబ్బు పేరే మారిపోతుంది. నోట్లో పుళ్ళున్నాయా, ముక్కు మీదుగా రెండు బుగ్గలకీ ఎర్రదనం పాకిందా, చల్లటి నీళ్ళలో చెయ్యి పెడితే వేళ్ళు తెల్లబడి, నీలమై, ఎర్రబడతాయా అని అడుగుతాం. బీపీ చూస్తాం, మూత్రం పరీక్షకి పంపుతాం. రక్షణ వ్యవస్థ ఒంట్లో చాలా అవయవాల మీద పడే లూపస్ జబ్బులో కిడ్నీ దెబ్బతింటున్నా ముందు మనిషికి ఏమీ తెలియదు. నొప్పి ఉండదు. మూత్రంలో ప్రొటీన్ పోతుంటుంది, అంతే.

ఇప్పుడు నా తప్పొకటి చెప్పాలి. 2020లో ఎవరూ ఎక్కడికీ కదల్లేని రోజులు. అందరిలాగే నేనూ వీడియోలో చూసేవాణ్ణి. అంతకుముందు నుంచీ నా దగ్గర మందులు వాడుతున్న ఒకామె, జబ్బు బాగా అదుపులో ఉన్న మనిషి. "ఎలా ఉన్నారమ్మా" అంటే "బాగానే ఉన్నానండీ" అన్నారు. చేతులు కెమెరాకి దగ్గరగా పెట్టమన్నాను. పెట్టారు. నాకు బాగానే కనిపించాయి. అవే మందులు కొనసాగించమన్నాను. అలా రెండుసార్లు. తర్వాత మనిషి వచ్చారు. మోచెయ్యి పూర్తిగా చాపలేకపోతున్నారు. రెండు మణికట్లూ వాచి ఉన్నాయి. "మరి బాగానే ఉందన్నారేమమ్మా" అంటే, "మీరూ ఇంత ఇబ్బందిలో ఉన్నారు, మళ్ళీ నా గోల ఎందుకులే అనుకున్నాను, నొప్పి బిళ్ళ వేసుకుంటే పని జరిగిపోతోంది" అన్నారు. ఆ మోచెయ్యి తర్వాత కూడా పూర్తిగా చాపుకోలేదు. ఆమె తప్పు కాదు. ఎదురుగా ఉంటే నేను ఆ మోచెయ్యి పట్టుకుని చాపేవాణ్ణి, అర నిమిషంలో తెలిసిపోయేది. కెమెరాలో చాపి చూపించమని అడగాలని కూడా నాకు తట్టలేదు. ఇప్పటికీ ఆమె వచ్చినప్పుడల్లా ముందు ఆ మోచెయ్యే పట్టుకుంటాను.

అందుకని ఫోనూ వీడియో వద్దనను. జబ్బు పేరు ఖాయమై, మందులు కుదిరి, అదుపులో ఉన్నప్పుడు మధ్యమధ్యలో ఫోన్‌లో మాట్లాడుకోవచ్చు. రక్తపరీక్షలు చూసి మోతాదు సర్దుకోవచ్చు. దూరప్రయాణం చెయ్యలేనివాళ్ళకి అది నిజంగా వరమే. మొదటిసారి, జబ్బు పెరిగిందనిపించినప్పుడు, కొత్త కీలు వాచినప్పుడు, బలమైన మందు మొదలుపెట్టేటప్పుడు మాత్రం మనిషి రావాలి.

ఎప్పుడు రావాలి? యూరప్ రుమటాలజీ నిపుణులు 2016లో సవరించిన సూచనల్లో వారాల లెక్క ఉంది. కీలు వాచిన మనిషి మొదటి ఆరు వారాల్లో రుమటాలజిస్ట్ కంట పడాలి, జబ్బు నిలబడిపోయేలా ఉంటే మూడు నెలల్లోపు అసలు మందు మొదలవ్వాలి. మొదట్లో వాచేది లోపలి పొర మాత్రమే, అది తిరిగి తగ్గుతుంది. ఆ వాపు అలాగే ఉంటే పక్కనున్న గుజ్జునీ, ఎముక అంచునీ కొరుక్కుతింటుంది. కొరికిన ఎముకని ఏ మందూ పూర్వంలా చెయ్యలేదు. ఆరు వారాలంటే ఎంత? "ఈ వాతావరణం మారితే తగ్గుతుందిలే" అనుకునేలోపు అయిపోతుంది. రుమటాలజిస్టులు అన్నిచోట్లా లేరు, అపాయింట్‌మెంట్ వెంటనే దొరకదు, అదీ నిజమే. దొరికేదాకా దగ్గర్లోని ఫిజీషియన్‌కి చూపించండి. ఆయన వేలితో నొక్కి "వాపుంది" అని చీటీ రాస్తే, ఆ ఒక్క మాటతో మీ వరుస ముందుకి జరగొచ్చు.

రెండు విషయాల్లో అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. ఒకే ఒక్క కీలు హఠాత్తుగా వాచి, ఎర్రబడి, ముట్టుకుంటే కాలుతూ, జ్వరం కూడా ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. లోపల చీము పట్టి ఉండొచ్చు. రోజుల్లో కీలు పాడైపోతుంది, ప్రాణానికి కూడా ప్రమాదం. రెండోది, యాభై దాటినవాళ్ళకి కొత్తగా కణతల దగ్గర తలనొప్పి, నమిలేటప్పుడు దవడ నొప్పి, చూపు మసకబారడం. కంటికి రక్తం అందించే నాళాలు వాచి ఉండొచ్చు. ఆలస్యమైతే పోయిన చూపు తిరిగి రాదు.

వచ్చేముందు చేసుకోవాల్సినవి కొన్ని. గోళ్ళరంగు తీసేసి రండి. మోకాళ్ళ పైకి సులువుగా లాగగలిగే బట్టలు వేసుకోండి. వాడుతున్న మందుల పేర్లు గుర్తుపెట్టుకోవడానికి తంటాలు పడొద్దు, స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని తెచ్చేయండి. ఆకు మందులు, పొడులు, నూనెలు కూడా. దాచొద్దు, నేను కోప్పడను. పేరులేని పొట్లాల్లో స్టెరాయిడ్ కలిసి ఉన్న సందర్భాలుంటాయి, అందుకే అడుగుతాను. వాపు వచ్చి పోతుంటే, వచ్చిన రోజున ఫోటో తీసి పెట్టుకోండి. ఫోటో చెయ్యికి బదులు కాదని ఇందాకే అన్నాను, కానీ నేను చూసే రోజున వాపు లేకపోతే ఆ ఫోటోయే సాక్ష్యం. పాత ఎక్స్‌రేలు ఎంత పాతవైతే అంత మంచిది, పోల్చి చూడొచ్చు. పిల్లలు కావాలనుకుంటున్నారా, గర్భంతో ఉన్నారా అన్నది తప్పకుండా చెప్పండి. కొన్ని మందులు అప్పుడు అస్సలు పనికిరావు.

తోడు వచ్చేవాళ్ళకి ఒక విన్నపం. కొడుకులూ కూతుళ్ళూ ప్రేమతోనే తీసుకొస్తారు, అన్నీ తామే చెప్తారు. "అమ్మకి మోకాళ్ళ నొప్పులండీ" అని కొడుకు చెప్తుంటాడు. పక్కన ఆ తల్లి ఏమీ మాట్లాడకుండా కుడి చేత్తో ఎడమ మణికట్టు రుద్దుకుంటూ ఉంటుంది. ఆ పిల్లాడు ఎప్పుడూ చూసి ఉండడు. ఐదు నిమిషాలు అమ్మని మాట్లాడనివ్వండి. ఆవిడ చెప్పలేక ఆగిపోయినా, మీరు అందించకండి.

మందుల దగ్గర రెండే మాటలు. 1948లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టర్ అమెరికాలోని మేయో క్లినిక్‌లో, రుమటాయిడ్‌తో మంచం పట్టిన ఒక యువతికి కార్టిసోన్ అనే స్టెరాయిడ్ మందు ఇచ్చారు. కొద్దిరోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో ఆయనకీ, ఈ హార్మోన్ల మీద పరిశోధన చేసిన కెండాల్, రైక్‌స్టైన్‌లకీ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ మందు ఎముకల్ని ఎలా గుల్ల చేస్తుందో, సుగర్‌ని ఎలా పెంచుతుందో కూడా తెలిసింది. స్టెరాయిడ్ ఇప్పటికీ పనికొస్తుంది, కొద్ది మోతాదులో, కొద్దికాలం, చూస్తూ చూస్తూ వాడితే. పక్కింటివాళ్ళకి తగ్గిందని ఆ బిళ్ళ మీరు వేసుకుంటే నొప్పి ఎగిరిపోతుంది నిజమే, నేను వెతకాల్సిన వాపు కూడా దానితో పాటే దాక్కుంటుంది. అప్పటికే నెలల తరబడి వాడుతుంటే మాత్రం ఉన్నట్టుండి సొంతంగా మానకండి. అది ఇంకా ప్రమాదం.

రెండోది మెథోట్రెక్సేట్. రుమటాయిడ్‌కి మేము మొదట ఎంచుకునే మందు ఎక్కువసార్లు ఇదే. వారానికి ఒక్కరోజు వేసుకోవాలి. మళ్ళీ చెప్తున్నాను, వారానికి ఒక్కరోజు. రోజూ వేసుకునే మందనుకుని పొరపాటున వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది, అలా ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. అందుకే నేను చీటీ మీద రాసి ఊరుకోను. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని "ఏ రోజు వేసుకుంటారు?" అని అడుగుతాను. వాళ్ళ నోటితో ఆ రోజు పేరు చెప్పేదాకా లేవనివ్వను. స్ట్రిప్పు మీద ఆ పేరు వాళ్ళచేతే రాయిస్తాను. కాలేయం, రక్తకణాల పరీక్షలు ఎప్పుడెప్పుడు చేయించాలో కూడా అప్పుడే చెప్తాను.

నా సమయం దాటిపోయింది. ఏమైనా అడగాలంటే అడగండి.

(వెనక వరుసలోంచి ఒక పెద్దావిడ: డాక్టర్‌గారూ, నా వేళ్ళ కొసల దగ్గర కణుపుల మీద బుడిపెలు లేచాయండీ. మా అమ్మకీ ఇలాగే ఉండేవి. ఇది మీరు చెప్పిన జబ్బేనా?)

మంచి ప్రశ్న అడిగారమ్మా. గోటికి దగ్గరగా ఉన్న చివరి కణుపులో గట్టిగా, ఎముకలాగే తగిలే బుడిపెలైతే అవి ఎక్కువగా అరుగుదలవి. హెబర్డెన్ అనే పాతకాలపు డాక్టర్ పేరుతో పిలుస్తారు. తల్లికి ఉంటే కూతురికి రావడం చూస్తుంటాం. రుమటాయిడ్ మామూలుగా ఆ చివరి కణుపు జోలికి వెళ్ళదు. అయితే సోరియాసిస్ వాతం సరిగ్గా అక్కడికే వెళ్తుంది. గట్టిగా ఉన్నాయా, మెత్తగా ఉన్నాయా, పక్కన గోరు ఎలా ఉందో చూడాలి. ఇంత దూరం నుంచి నేను ఏదీ అనను. మీరు లేవకండమ్మా, ఆ మెట్లు ఇబ్బంది. అక్కడే ఉండండి, నేనే దిగి వస్తున్నాను.